జెర్బిళ్లు: జంటగా ఉంచాలా, గుంపుగానా?

సమన్వయకర్త: నమస్కారం. అమెరికాలోని తెలుగు ఇళ్లకు పిల్లల పట్టుదల వల్ల వచ్చి చేరే చిన్న జీవుల్లో ఎలుకను పోలిన మంగోలియా జెర్బిల్ ఒకటి. తప్పించుకుని బయట స్థిరపడితే పంటలకు చేటు చేస్తుందన్న భయంతో కాలిఫోర్నియాలో దీని పెంపకాన్నే నిషేధించారు కాబట్టి, అక్కడి ప్రేక్షకులకు ఈ చర్చ కాలక్షేపం మాత్రమే. తక్కినవారి కోసం అడుగుతున్నాను, డాక్టరుగారూ: దీన్ని ఒంటరిగా పెంచవచ్చా?

పశువైద్యురాలు: పెంచకపోవడమే మంచిది. ఇది గడ్డిమైదానాల్లో బొరియలు తవ్వుకుని కుటుంబంతో బతికే జీవి. అయితే గుంపులో బతికేది కదా అని, ఎక్కడెక్కడివో నాలుగింటిని తెచ్చి ఒకే తొట్టిలో వదిలేవారున్నారు. జెర్బిల్‌కు గుంపు అంటే తన వాసన ఉన్న తనవాళ్లే. పరాయి వాసన తగిలితే అది శత్రువు, ఆ పోరు ఒక్కోసారి ప్రాణం పోయేదాకా సాగుతుంది.

పెంపకందారు: ఆ తప్పు నేనూ చేశాను. మొదటి ఏడాది రెండు ఆడవాటిని, అవే సర్దుకుంటాయిలే అని కలిపేస్తే, తెల్లవారేసరికి ఒకటి తోక మొదట్లో నెత్తురోడుతూ మూలకు నక్కి ఉంది. అప్పటి నుంచి తొట్టి మధ్యలో ఇనుప జాలి బిగించి, చెరోవైపు ఒక్కొక్కదాన్ని ఉంచి, రోజుకు మూడు నాలుగుసార్లు వాటి చోట్లు మారుస్తున్నాను. వారం పదిరోజులకు ఒకదాని గూట్లో మరొకటి నిశ్చింతగా పడుకుని, జాలికి ఆనుకుని నిద్రపోతుంటే అప్పుడు జాలి తీస్తాను. తీసిన రోజున మాత్రం చేతికి మందపాటి తొడుగు వేసుకుని పక్కనే కూర్చుంటాను.

సమన్వయకర్త: మొత్తం ఎన్నింటిని కలిపి ఉంచవచ్చు?

పశువైద్యురాలు: రెండు. ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ములైతే మరీ మంచిది.

పెంపకందారు: ఇక్కడ నేను పూర్తిగా ఒప్పుకోలేను. మా ఇంట్లో నాలుగు మగవి కడదాకా కలిసే ఉన్నాయి. ఆడవాటి గుంపు విషయంలో అయితే మీ మాటే నిజం, అవి ఎప్పుడు విడిపోతాయో చెప్పలేం.

పశువైద్యురాలు: మీరు రోజూ గమనిస్తారండీ, పదేళ్ల పిల్లవాడు గమనించడు. ఒకదాన్ని తక్కినవి పదేపదే తరుముతున్నా, గూట్లోకి రానివ్వకపోయినా వెంటనే విడదీయాలి. నెత్తురు కనబడ్డాక ఆ రెండింటినీ మళ్లీ కలపకూడదు. చోటు పెంచితే గొడవ తగ్గుతుందనుకోవడమూ పొరపాటే, ఎందుకంటే తొట్టి మరీ పెద్దదైతే అవి హద్దులు ఏర్పరచుకుని పోట్లాడుకోవచ్చు.

సమన్వయకర్త: ఇక పిల్లలను పెట్టించే సంగతి?

పెంపకందారు: చూలు 24 నుంచి 26 రోజులు, ఈతకు సగటున ఐదు పిల్లలు. ఈనిన కొద్ది గంటల్లోనే తల్లి మళ్లీ ఎదకు వస్తుంది, తండ్రి పక్కనే ఉంటాడు. తల్లి పాలిస్తున్నప్పుడు పిండాలు గర్భసంచికి అతుక్కోవడం ఆలస్యమై రెండో చూలు 40 రోజుల దాకా సాగుతుంది కాబట్టి, ఈసారి ఏమీ లేదులే అని నమ్మినవారు మోసపోతారు. అలాగని తండ్రిని విడిగా పెట్టేస్తే, పిల్లలను వెచ్చగా కాచే తోడు పోతుంది, తర్వాత జంటను కలపడమూ కష్టమవుతుంది. రెండు ఈతల పిల్లలకు ముందే ఇళ్లు వెతికి పెట్టుకోలేనివారు అసలు మొదలుపెట్టకూడదు.

పశువైద్యురాలు: వంశం సంగతి కూడా చూడాలి. 1935లో ఈశాన్య ఆసియాలోని అమూర్ నది పరీవాహకంలో పట్టిన 20 జంటలను జపాన్‌కు తీసుకెళ్లారు. వాటి సంతతిలో 11 జంటలు 1954లో అమెరికా చేరాయి. ఇక్కడి పెంపుడు జెర్బిళ్లు చాలావరకు ఆ కొద్దిపాటి జంటల వారసులే. వీటిలో కొన్నింటికి బెదిరినప్పుడు మూర్ఛ వస్తుంది, అది వంశపారంపర్యంగా సాగుతుంది. అలాంటివాటిని ఈతకు వాడవద్దు.

సమన్వయకర్త: జంటలో ఒకటి చనిపోతే?

పెంపకందారు: మిగిలినది మగదైతే, ఏడెనిమిది వారాల మగపిల్లను తెచ్చి మళ్లీ ఆ జాలి పద్ధతే. పెద్ద మగవి చిన్న పిల్లలను కాస్త సులువుగా చేరనిస్తాయి.

పశువైద్యురాలు: మూడేళ్లు దాటి నీరసించినదైతే నేను కొత్త తోడును తెమ్మనను. తవ్వుకోవడానికి లోతుగా చెక్కపొట్టు, కొరకడానికి అట్టపెట్టెలు, రోజూ కాసేపు మీ అరచేయి, అంతే చాలు.