గది బయట కుర్చీ

అందరికీ నమస్కారం.

1999 జూన్‌లో నేను ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాకి వచ్చాను. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖు తప్పకుండా సరిచేసే వై టూ కే పని మీద ఆ రోజుల్లో మనవాళ్లు ఎందరో వచ్చారు, వాళ్లలో నేనొకణ్ణి. కంపెనీవాళ్లు పదకొండో వీధిలో ఒక మోటెల్‌లో గది చూపించారు. ఒకటే అంతస్తు, మూలకి తిరిగిన వరసలో పద్దెనిమిది గదులు. ప్రతి గది తలుపూ బయటికే తెరుచుకునేది. తలుపు ముందు సన్నటి సిమెంటు నడవ, దానిపైకి చూరు, చూరు కింద ఒక ఇనుప కుర్చీ. కుర్చీకి ఎదురుగా కారు పెట్టుకునే చోటు. నాకు కారు లేదు కాబట్టి నా గది ముందు చోటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది.

మొదటి ఆదివారం కాలింగ్ కార్డు గీకి మా అమ్మకి ఫోన్ చేశాను. అన్నం తింటున్నావా అని అడిగాక ఆవిడ అడిగిన రెండో ప్రశ్న ఇది: "సాయంత్రం పూట కూర్చోడానికి ఇంటి ముందు ఏమన్నా ఉందా?" కుర్చీ ఉందమ్మా అని చెప్పాను. "అయితే పరవాలేదు" అంది.

ఆ మాట నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. గుడివాడ దగ్గర మా ఊళ్లో తాతగారి ఇంటికి అరుగు ఉండేది. అరుగు ఇంటివాళ్లదే, అయినా వీధిలో పోయేవాళ్లు కూర్చోవచ్చు. అక్కడ కూర్చున్న మనిషిని దారిన పోయేవాళ్లు పలకరించకుండా పోరు. ఇష్టముంటే మాట కలుపుతాం, లేకపోతే తల ఊపి ఊరుకుంటాం. లోపలికి రమ్మని పిలవక్కర్లేదు, వెళ్లమని చెప్పక్కర్లేదు. కొత్త ఊళ్లో ఒంటరిగా ఉన్న కొడుక్కి అలాంటి చోటొకటి ఉందా లేదా అన్నది మా అమ్మ బెంగ.

ఉంది. ఆ ఆరు వారాలూ నేను దాని మీదే బతికాను. పక్క గదిలో టెక్సస్ నుంచి వచ్చిన వెల్డర్ ఉండేవాడు, పైప్‌లైన్ పనిమీద వచ్చాడు. నా రైస్ కుక్కర్ ఆవిరి తలుపులోంచి వస్తే ఏం వండుతున్నావని అడిగాడు. ముద్దపప్పు, ఆవకాయ కలిపిన అన్నం ఒక కప్పులో పెట్టి ఇచ్చాను. కళ్ల నీళ్లు తుడుచుకుంటూ తిన్నాడు, మర్నాడు మళ్లీ అడిగాడు. మోటెల్ నడిపేది నవసారి నుంచి వచ్చిన గుజరాతీ దంపతులు. ఆఫీసు వెనకే వాళ్ల ఇల్లు. సాయంత్రం అయిదు దాటాక ఆవిడ తువ్వాళ్ల బుట్ట బయటికి తెచ్చుకుని, చూరు కింద కూర్చుని మడతలు పెట్టేది. నేను ఆంటీ అనేవాణ్ణి, ఆవిడ నన్ను బేటా అనేది. ఇద్దరం వచ్చీ రాని హిందీలో మాట్లాడుకునేవాళ్లం.

ఒక రాత్రి టోర్నడో సైరన్ మోగింది. నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు, భయంతో తలుపు తీశాను. అటూ ఇటూ అన్ని తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. అందరం చూరు కిందకి వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. వెల్డర్ నా చెయ్యి పట్టుకుని ఆఫీసు వెనక లాండ్రీ గదిలోకి లాక్కెళ్లాడు. వాషింగ్ మెషీన్ల మధ్య పదిహేనుమందిమి నేల మీద కూర్చున్నాం. ఆంటీ స్టీలు గ్లాసుల్లో టీ పోసింది. గాలివాన మా మీదికి రాకుండా పక్కకి పోయింది. ఆ తర్వాత ఎన్నో పెద్ద హోటళ్లలో దిగాను. అర్ధరాత్రి ఫైర్ అలారం మోగితే మెట్లు దిగి వచ్చిన రెండు వందలమందిలో నా పక్క గది మనిషి ఎవరో నాకు ఎన్నడూ తెలీలేదు.

ఆ పదకొండో వీధే పాత రూట్ 66 అని కూడా అప్పటికి నాకు తెలీదు. షికాగో నుంచి శాంటా మోనికా దాకా సుమారు 2,400 మైళ్ల దారి అది, 1926లో మొదలైంది. దానికి ఒక్క ఏడాది ముందు, 1925 డిసెంబరులో, కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో మొట్టమొదటి మోటెల్ తెరిచారు. లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య కారులో పోయేవాళ్లకి అది సగం దారి. కట్టించింది ఆర్థర్ హైన్‌మన్ అనే ఆర్కిటెక్ట్. 'మైల్‌స్టోన్ మోటర్ హోటల్' అని పేరు రాస్తే బోర్డులో పట్టలేదట, రెండు మాటలూ కలిపి 'మోటెల్' అని రాయించాడు. రాత్రికి అద్దె డాలరుం పావలా.

తలుపు బయటికి ఎందుకు పెట్టారో తెలియాలంటే అప్పటి హోటళ్లు ఎలా ఉండేవో తెలియాలి. అవి ఊరి మధ్యలో, రైల్వే స్టేషన్ దగ్గర ఉండేవి. రోజంతా మట్టి రోడ్ల మీద కారు తోలి, దుమ్ము కొట్టుకున్న బట్టలతో, ఏడుస్తున్న పిల్లలతో ఆ లాబీలో నడవాలంటే మొహమాటం. సామాను మోసేవాడికి టిప్పు ఇవ్వాలి, కారు ఎక్కడో పెట్టి రావాలి. అందుకని చాలామంది ఊరి బయట డేరాలు వేసుకునేవాళ్లు. డేరాల చోట చిన్న చిన్న చెక్క గదులు వచ్చాయి, తర్వాత ఆ గదులన్నీ ఒకే కప్పు కిందకి చేరాయి. కట్టేవాడికీ ఇది చవక. లోపల కారిడార్ లేదు కాబట్టి దానికి దీపాలు, కార్పెట్, చలికాలం హీటింగ్ ఏవీ అక్కర్లేదు. నడవకి ఎండా గాలీ ఉచితం.

తాళంచెవి మాట కూడా చెప్పాలి. ఇత్తడి తాళంచెవికి వజ్రం ఆకారంలో ప్లాస్టిక్ బిళ్ల, దాని మీద గది నంబరు. వెనక వైపు, పొరపాటున పట్టుకుపోతే ఏ పోస్టు డబ్బాలోనైనా వెయ్యండి, పోస్టేజి మేమే కడతాం అని రాసి ఉండేది. నేను నిజంగానే పట్టుకుపోయాను. తర్వాతి ప్రాజెక్టుకి షికాగో వెళ్లాక జేబులో కనిపించింది. స్టాంపు లేకుండా డబ్బాలో వేశాను. రెండు వారాలు ఆగి ఫోన్ చేస్తే, వచ్చింది బేటా అంది ఆంటీ.

పాత మోటెళ్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది న్యూ మెక్సికోలోని టుకుమ్‌కారి ఊళ్లో ఉంది, బ్లూ స్వాలో. గదికీ గదికీ మధ్య కారు పెట్టుకోడానికి చిన్న గ్యారేజీ, ముందు నీలం నియాన్‌లో రెక్కలు విప్పిన పక్షి. 1958లో లిలియన్ రెడ్‌మన్ అనే ఆవిడకి కాబోయే భర్త దాన్ని నిశ్చితార్థం కానుకగా ఇచ్చాడు. ఇంటర్‌స్టేట్ హైవే వచ్చి ట్రాఫిక్ అంతా పక్కకి పోయినా ఆవిడ నలభై ఏళ్లు దాన్ని వదల్లేదు.

1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం పెట్టిన చట్టంతో 41,000 మైళ్ల ఈ ఇంటర్‌స్టేట్ రహదారులు మొదలయ్యాయి. అవి ఊళ్లలోకి రావు, ఊరి పక్కనుంచి పోతాయి. దారి మీద బతికిన మోటెల్‌కి దారే లేకుండా పోయింది. 1985లో రూట్ 66ని అధికారికంగా పటాల్లోంచి తీసేశారు.

ఇంతవరకూ నేను ఇష్టంతో మాట్లాడాను. ఆ కుర్చీలో కూర్చునే హక్కు అందరికీ ఉండేది కాదని కూడా చెప్పకపోతే అది అబద్ధమవుతుంది. నల్లజాతి కుటుంబం ఒకటి రాత్రిపూట దారిలో ఉంటే, ఎదురుగా 'ఖాళీలు ఉన్నాయి' అనే నియాన్ బోర్డు వెలుగుతున్నా వాళ్లకి గది ఇచ్చేవాళ్లు కారు. న్యూయార్క్ హార్లెమ్‌లో విక్టర్ గ్రీన్ అనే పోస్ట్‌మన్ 1936 నుంచి ఒక చిన్న పుస్తకం వేశాడు. ఏ ఊళ్లో ఎక్కడ దిగితే అవమానం లేకుండా పడుకోవచ్చో అందులో ఉండేది. 1964 జూలైలో పౌరహక్కుల చట్టం మీద సంతకం పడగానే, అట్లాంటాలోని 216 గదుల మోటెల్ యజమాని ఒకాయన కోర్టుకెక్కాడు, నా మోటెల్లో ఎవరిని దింపుకోవాలో నా ఇష్టం అని. అదే డిసెంబరులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కుదరదంది.

మెంఫిస్‌లో లొరేన్ మోటెల్ చూశారా మీరెవరైనా? వాల్టర్ బెయిలీ, లోరీ బెయిలీ అనే నల్లజాతి దంపతులు నడిపేవాళ్లు. రెండు అంతస్తులు, తలుపులన్నీ బయటికే. 1968 ఏప్రిల్ 4 సాయంత్రం మార్టిన్ లూథర్ కింగ్ రెండో అంతస్తులో 306వ గది ముందు రెయిలింగ్ దగ్గర నిలబడి ఉన్నాడు. ఊళ్లో చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకి మద్దతుగా వచ్చాడు. రాత్రి భోజనానికి బయల్దేరుతూ, కింద కార్ల దగ్గరున్న స్నేహితులతో మాట్లాడుతున్నాడు. ఆ రాత్రి సభలో ఫలానా భక్తి గీతం బాగా వాయించమని ఒక సంగీతకారుడికి చెప్పాడు. ఆరు గంటలు దాటిన నిమిషానికి ఎదుటి భవనం నుంచి తూటా వచ్చింది. లోరీ బెయిలీకి అదే రోజు మెదడులో రక్తస్రావమైంది. ఏప్రిల్ 9న, కింగ్ అంత్యక్రియల రోజే, ఆవిడ పోయింది.

నేను అక్కడ చాలాసేపు నిలబడ్డాను. 1991 నుంచి అది పౌరహక్కుల మ్యూజియం. రెయిలింగ్‌కి పూలచక్రం, కింద పాత కార్లు. కూర్చుని మాట్లాడుకోడానికి కట్టిన నడవ అది, పై నుంచి కిందివాళ్లని పలకరించే నడవ. ఆయన చివరి మాటలు అలాంటి పలకరింపులోనే ఉన్నాయి. అందుకే నాకు ఆ చోటు ఏ స్మారక మందిరం కన్నా ఎక్కువ.

ఇక మన దేశంవాళ్ల సంగతి. ఈ దేశంలో మోటెళ్లలో దాదాపు సగం భారతీయ కుటుంబాల చేతుల్లో ఉన్నాయంటారు, వాళ్లలో ఎక్కువమంది గుజరాతీలే. 1970లలో చమురు సంక్షోభం వచ్చి జనం ప్రయాణాలు తగ్గించారు, పాత రోడ్ల మీద మోటెళ్లు చవగ్గా అమ్ముడుపోయాయి. ఆఫీసు వెనకే ఇల్లు ఉంటుంది, కుటుంబమంతా పనిచేస్తే జీతాల ఖర్చు లేదు. అప్పుడు పక్క మోటెల్‌వాళ్లు కొందరు 'అమెరికన్ యాజమాన్యం' అని బోర్డులు పెట్టారు, పటేళ్ల దగ్గరికి పోకండని దాని అర్థం. ఆ బోర్డులు చూసినప్పుడు ఎంత చిన్నబుచ్చుకున్నామో ఆంటీ నాకు తువ్వాళ్లు మడతపెడుతూ చెప్పింది. లాస్ ఏంజెలెస్‌లో వారెంటు లేకుండా పోలీసులు అతిథుల రిజిస్టరు అడిగితే చూపించి తీరాలని నిబంధన ఉంటే, దాని మీద పటేల్ ఇంటిపేరు గల యజమానులే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2015లో గెలిచారు. ఆ తీర్పులో పటేల్ అన్న పేరు శాశ్వతంగా ఉండిపోయింది. నాకది గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు ఈ బయటికి తెరుచుకునే తలుపులు పోతున్నాయి. ఎందుకు? భద్రత అన్నది మొదటి కారణం, దాన్ని నేను తీసిపారెయ్యను. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడవాళ్లకి రోడ్డు మీదికి తెరుచుకునే తలుపంటే టెన్షన్. మా అమ్మాయి ఉద్యోగం మీద ఊళ్లు తిరిగితే, లోపలి కారిడార్, లిఫ్టుకి కార్డు ఉన్న చోటే దిగమంటాను. పెద్ద బ్రాండ్లు కూడా కొత్త భవనాలకి లోపలి కారిడార్ కావాలంటున్నాయి. ఎండా మంచూ తగిలే తలుపులకీ కిటికీ ఏసీలకీ మరమ్మతులు ఎక్కువ. కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం, ఎవరి ఊపిరీ తగలకుండా నేరుగా గదిలోకి పోవచ్చని జనం మళ్లీ వీటినే వెతుక్కున్నారు. ఆ ఏడాదే కాలిఫోర్నియా ప్రభుత్వం ఇల్లు లేనివాళ్ల కోసం ఇలాంటి మోటెళ్లని కొనడం మొదలుపెట్టింది. రాత్రి గడపడానికి కట్టిన గదులు బతకడానికీ పనికొచ్చాయి.

ఇవి చూడటానికి మనం న్యూ మెక్సికో దాకా పోనక్కర్లేదు. న్యూజెర్సీలోని మన ఎడిసన్ నుంచి రెండు గంటలు పోతే సముద్రపు ఒడ్డున వైల్డ్‌వుడ్ ఉంది. 1950లు, 60లలో కట్టిన మోటెళ్లు అక్కడ ఒక పేటంతా ఉన్నాయి. కరీబియన్ అనేది 1957లో కట్టారు. న్యూజెర్సీ చలికి కొబ్బరిజాతి చెట్లు బతకవు కాబట్టి ప్లాస్టిక్ చెట్లు పాతారు. ఇరవై ఏళ్ల కిందట కాండోల కోసం, అంటే అపార్ట్‌మెంట్ల కోసం, ఆ ఊళ్లో ఎన్నో పడగొట్టారు, మిగిలినవాటిని కాపాడాలని ఊరివాళ్లు పట్టుబట్టి కూర్చున్నారు. వెళ్లండి. వేసవిలో వెళ్తే పిల్లలకీ బాగుంటుంది.

పోయిన ఆగస్టులో మా అమ్మని తీసుకెళ్లాను. ఆవిడకిప్పుడు ఎనభై ఒకటి. మెట్లు ఎక్కలేదని కింది గది తీసుకున్నాం, ఈతకొలను ఎదురుగా. పక్క గదిలో కెనడాలోని క్యుబెక్ నుంచి వచ్చిన కుటుంబం, వాళ్లతో ఒక ముసలావిడ. ఆవిడకి ఫ్రెంచి తప్ప రాదు, మా అమ్మకి తెలుగు తప్ప రాదు. మొదటి సాయంత్రం ఇద్దరూ ఎవరి తలుపు ముందు వాళ్లు కూర్చుని ఈతకొలను వైపు చూస్తున్నారు. రెండో సాయంత్రం నేను సముద్రం నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చేసరికి, మా అమ్మ ఆవిడకి తన మోకాలు ఎక్కడ నొప్పి పెడుతుందో తెలుగులో చెబుతోంది. ఆవిడ తన మోకాలు చూపిస్తూ ఫ్రెంచిలో జవాబు చెబుతోంది. మధ్యలో జంతికల డబ్బా ఉంది.

మూడో రోజు పొద్దున్నే కాఫీ కలిపి తలుపు తీశాను. ఆవిడ అప్పటికే లేచి, తన కుర్చీని మా గుమ్మం దాకా లాక్కుని వచ్చి, అమ్మ కోసం చూస్తూ కూర్చుని ఉంది.