తేతా నేర్పిన గుమ్మడికాయ కిబ్బె

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? సిడ్నీలో ఇవాళ శనివారం, ఉదయం ఏడున్నర అయింది. మార్చి నెల కదా, మాకిక్కడ ఎండలు తగ్గి పొద్దున్నపూట చలిగాలి మొదలయ్యే రోజులు. ఇదిగో, సింకు మీద కుళాయికి ఒక మూట వేలాడుతోంది చూశారా? పలచటి నూలుబట్టలో రాత్రి పదింటికి కట్టాను. కింద గిన్నెలోకి నారింజరంగు నీళ్ళు గ్లాసు పైనే దిగాయి. పనీర్ కోసం పాలు విరగ్గొట్టి కట్టాననుకుంటారేమో, కాదండీ. మూటలో ఉన్నది గుమ్మడికాయ గుజ్జు.

ఇవాళ లెబనాన్ వాళ్ళ గుమ్మడికాయ కిబ్బె చేస్తున్నాను. వాళ్ళ భాషలో కిబ్బెత్ లక్తీన్. లక్తీన్ అంటే గుమ్మడికాయ. పళ్ళెంలో పొరలుగా పరిచి ఓవెన్‌లో కాల్చే వంటకం. పైనా కిందా గుమ్మడికాయ, గోధుమరవ్వ కలిపిన పిండి, మధ్యలో సెనగలు, ఆకుకూర, ఉల్లిపాయలు, వాల్‌నట్లు. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు, వెన్న కూడా లేవు.

మేముండేది హ్యారిస్ పార్క్‌లో. సిడ్నీలో ఉన్న మనవాళ్ళకి ఈ పేట గురించి చెప్పక్కర్లేదు. విగ్రామ్ స్ట్రీట్‌లో అడుగుపెడితే దోసెల వాసన, పానీపూరీల దగ్గర జనం. కానీ మనవాళ్ళు రాకముందు నుంచే ఇక్కడ లెబనాన్ వాళ్ళున్నారు. అవర్ లేడీ ఆఫ్ లెబనాన్ అనే పెద్ద మారనైట్ చర్చి ఈ పేటలోనే ఉంది. మారనైట్లంటే లెబనాన్ క్రైస్తవుల్లో ఒక శాఖ. 1975లో వాళ్ళ దేశంలో అంతర్యుద్ధం మొదలయ్యాక ఎన్నో కుటుంబాలు ఊళ్ళు వదిలి సిడ్నీ వచ్చేశాయి. మా పక్కింటి పెద్దావిడ అలా వచ్చినవారే. ఉత్తర లెబనాన్‌లో జ్ఘర్తా వైపు కొండల్లో వాళ్ళ ఊరు. మనవలు ఆవిడని తేతా అంటారు, అంటే అమ్మమ్మ, నానమ్మ అని. మా పాప కూడా అలాగే పిలుస్తుంది, నేనూ అలాగే పిలుస్తాను.

కిబ్బె అంటే మామూలుగా మాంసం వంటకమే. మాంసాన్ని రాతి రోట్లో వేసి చెక్క రోకలితో మెత్తగా దంచి గోధుమరవ్వ కలిపి చేస్తారు. తేతా వాళ్ళ జ్ఘర్తా దానికి బాగా పేరున్న ఊరు. అందుకే మొదట ఆవిడ కిబ్బె పంపిస్తానంటే, మేం శాకాహారులం తేతా, వద్దు అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఉపవాసాల్లో మేమూ మాంసం ముట్టం హబీబ్తీ, ఇది సియామీ వంట అన్నారు. హబీబ్తీ అంటే మన బంగారుతల్లి లాంటి పిలుపు. సియామీ అంటే ఉపవాసాల్లో తినదగింది. ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసాలు వాళ్ళకి సోమవారం నాడు మొదలవుతాయట. చాలా చర్చిల్లో బుధవారం నుదుట బూడిద పెట్టుకుంటారు కదా, మారనైట్లకి అది సోమవారం. అప్పటినుంచి ఈస్టర్ దాకా తేతా ఇంట్లో మాంసం వండరు. గుడ్ ఫ్రైడే రోజు ఈ గుమ్మడికాయ కిబ్బె తప్పనిసరి. మాంసం లేని ఈ కిబ్బెకి ఇంకో పేరుంది, కిబ్బెత్ హీలే. హీలే అంటే మాయ, ఉపాయం.

ఆ మాట విన్నప్పుడు నాకు మనసుకి చాలా దగ్గరగా అనిపించింది. కార్తీకమాసంలో మా అమ్మ ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఎన్ని రకాలు చేసేదో. వద్దనుకున్నవి పక్కన పెట్టి ఉన్నవాటితోనే కమ్మగా వండడం మనకి తెలిసిన విద్యే కదండీ.

పోయినేడాది మొదటిసారి నా అంతట నేను చేశాను, చెడిపోయింది. ఎందుకు చెడిపోయిందో చెబుతాను, మీకు పనికొస్తుంది. గుమ్మడికాయ ముక్కలు కుక్కర్‌లో రెండు విజిల్స్ పెట్టాను. మనం దప్పళానికి ఉడికించినట్టే ఉడికించాను. ఇండియన్ షాపులో దొరికే గోధుమరవ్వ వేశాను, ఉప్మాకి వాడతామే, అది. ఓవెన్ నుంచి తీశాక గరిటెతో తీస్తే ముక్క రాలేదు, పాయసంలా జారింది. పంటికింద రవ్వ కరకరలాడింది. ఇంట్లో పదిమంది అతిథులు, నాకేమో ఒకటే టెన్షన్. తేతాకి చూపిస్తే ఒక చెంచా నోట్లో వేసుకుని చెప్పిన మాట ఒక్కటే. కిబ్బెకి నీళ్ళు నువ్వు పొయ్యకూడదు, గుమ్మడికాయే ఇవ్వాలి, అదీ ఎంత ఇవ్వాలో నువ్వు చెప్పాలి అన్నారు. ఈ వంటంతా ఆ మాటలోనే ఉంది.

ముందు రవ్వ సంగతి. వాళ్ళు వాడేది బుర్గుల్. మన గోధుమరవ్వ పచ్చి గోధుమలు విసిరింది. బుర్గుల్ అలా కాదు, గోధుమల్ని ముందు ఉడకబెట్టి, ఎండబెట్టి, తర్వాత విసురుతారు. వడ్లని ఉడకబెట్టి ఎండబోసి ఆడించిన ఉప్పుడు బియ్యం ఎలాంటివో గోధుమల్లో బుర్గుల్ అలాంటిది. ఒకసారి ఉడికిందే కాబట్టి పొయ్యి మీద పెట్టక్కర్లేదు, తడి తగిలితే చాలు మెత్తబడుతుంది. తేతా చిన్నప్పుడు వేసవి చివర్లో ఊళ్ళో పెద్ద రాగి కాగుల్లో గోధుమలు ఉడకబెట్టేవారట. ఉడికిన గోధుమలు పిల్లలకి గిన్నెల్లో పోసి చక్కెర చల్లి ఇస్తే అదే పండగట. మిగతావి మేడ మీద పరిచి, పిట్టలు వాలకుండా పిల్లల్ని కాపలా పెట్టేవారట. వడియాలకి కాపలా కాసినవాళ్ళం, మనకి ఇంకా వివరించి చెప్పాలా!

లెబనాన్ సరుకుల షాపుల్లో బుర్గుల్‌ని సన్నరకం, లావురకం అని అమ్ముతారు. దీనికి సన్నది కావాలి, బొంబాయి రవ్వంత ఉంటుంది.

ఇక గుమ్మడికాయ. ఇక్కడ కెంట్ అనే రకం దొరుకుతుంది, బూడిద, ఆకుపచ్చ చారల తొక్క, లోపల ముదురు పసుపు. నీరు తక్కువ, తీపి ఎక్కువ. మా అత్తయ్య గారు తెనాలి నుంచి వచ్చి నెలైంది. నిన్న సాయంత్రం నేను కత్తి తీసుకోగానే, "ఆగు అమ్మాయ్, గుమ్మడికాయ మొదటి కోత ఆడవాళ్ళం పెట్టకూడదు, వాణ్ణి పిలువు" అన్నారు. మావారు ఆఫీసు కాల్‌లో ఉంటే అది అయ్యేదాకా ఇద్దరం ఆగాం. ఆయనొచ్చి రెండు చెక్కలు చేసి వెళ్ళాక మిగతాది నేను చూసుకున్నాను. మా అమ్మా ఇలాగే నాన్నని పిలిచేది. నాకు ఆ అలవాటు వదులుకోవాలని లేదు.

కిలోన్నర కాయ. గింజలు తీసి, తొక్కతోనే, కోసిన వైపు కిందకి ఉండేలా ట్రేలో పెట్టి 200 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చాను. నీళ్ళలో ఉడికిస్తే నీళ్ళు తాగుతుంది, కాలిస్తే ఉన్న నీరు వదులుతుంది. చల్లారాక చెంచాతో గుజ్జు తీసి బట్టలో కట్టి వేలాడదీశాను. పొద్దున విప్పి చూస్తే, ఇదిగో, ఇలా కోవా ముద్దలా ఉంది. మూడు కప్పులకి కాస్త తక్కువ వచ్చింది. గిన్నెలోకి దిగిన నీళ్ళు పారబొయ్యకండి, మధ్యాహ్నం పప్పులో పోసేస్తాను.

ఇప్పుడు పెద్ద బేసిన్‌లో రెండు కప్పుల బుర్గుల్, గుమ్మడికాయ గుజ్జు, సన్నగా తురిమి పిండేసిన ఒక ఉల్లిపాయ, రెండు చెంచాల ఉప్పు, అర చెంచా దాల్చినచెక్క పొడి, ఒక చెంచా సెవెన్ స్పైస్. ఆల్‌స్పైస్, మిరియాలు, లవంగాలు, జాజికాయ ఇలాంటివి కలిపిన పొడి అది, మన గరం మసాలాలాగే ఇంటికో పాళ్ళుంటాయి. మన గరం మసాలా అయితే అరచెంచా చాలు, ఎక్కువైతే కూర వాసన వచ్చేస్తుంది. ఇవన్నీ అరచేతి మడమతో ఒత్తుతూ కలపాలి. కలపడం మొదలెట్టినప్పుడు బుర్గుల్ బేసిన్‌కి తగిలి ఇసకలా గరగరమంటుంది. పది నిమిషాలయ్యేసరికి ఆ చప్పుడు తగ్గుతుంది. అప్పుడు మూతపెట్టి అరగంట వదిలేస్తే చప్పుడే ఉండదు, గుమ్మడికాయలో మిగిలిన తడంతా రవ్వ లాగేసుకుంటుంది. అప్పుడు అరకప్పు మైదా వేసి మళ్ళీ కలపండి. పిడికిట్లో నొక్కి చూస్తే వేళ్ళ అచ్చు అలాగే నిలబడాలి. చూడండి, నా ఉంగరం గీత కూడా పడింది. పోయినేడాది ఈ ముద్ద నా వేళ్ళ సందుల్లోంచి కారిపోయింది.

లోపలి కూర మనకి చెయ్యి తిరిగిన పనే. కప్పు కాబూలీ సెనగలు రాత్రి నానేసి ఉడికించాను, మరీ మెత్తగా కాదు. తొక్కలు తీస్తే నోటికి బాగుంటుంది, అత్తయ్య గారు కూర్చుని ఓపిగ్గా అన్నిటికీ తీసిపెట్టారు. మూడు పెద్ద ఉల్లిపాయలు నిలువుగా తరిగి, ఆలివ్ నూనెలో సన్నసెగ మీద బంగారురంగు వచ్చేదాకా వేయించాలి. ఒక కట్ట సిల్వర్‌బీట్ ఆకు సన్నగా తరిగి, ఉప్పు రాసి, గట్టిగా పిండి వెయ్యండి. పాలకూరైనా సరే. ఇక్కడా నీళ్ళ సంగతే, పిండకపోతే అడుగు పొర నానిపోతుంది. సెనగలు, గుప్పెడు వాల్‌నట్ పలుకులు వేసి, స్టవ్ ఆపేశాక పులుపు. పులుపు రెండు రకాలు. ఒకటి సుమాక్, ఎర్రటి పుల్లటి చిన్న పళ్ళని ఎండబెట్టి కొట్టిన పొడి, పెద్ద చెంచాడు. ఇంకోటి దానిమ్మ రసం చిక్కబడేదాకా కాచిన పాకం, రెండు పెద్ద చెంచాలు. గుమ్మడికాయ తీపి కదా, ఈ పులుపు తగలకపోతే చప్పగా ఉంటుంది. మన దప్పళంలో బెల్లానికి చింతపండు తోడు ఎందుకో, ఇదీ అందుకే. సుమాక్ లేదని ఆమ్‌చూర్ వేస్తారేమో, నాకు నచ్చలేదు, నిమ్మరసం నయం.

30 సెంటీమీటర్ల గుండ్రటి పళ్ళేనికి నూనె బాగా రాశాను. పిండిలో సగం అడుగున పరిచి, తడిచేత్తో నున్నగా ఒత్తాలి. దాని మీద కూర సర్దాలి. పై పొర ఒకేసారి పరవలేం, కూర కదిలిపోతుంది. అరచేతిలో గారెలా తట్టి, పక్కపక్కనే పేర్చి, అతుకులు తడివేళ్ళతో కలిపేయాలి. కత్తి నీళ్ళలో ముంచి మైసూర్‌పాక్ ముక్కల్లా గాట్లు పెట్టండి, అడుగుదాకా దిగాలి. పళ్ళెం అంచు చుట్టూ ఒకసారి కత్తి తిప్పండి. నట్టనడుమ వేలితో ఒక గుంట. అరకప్పు ఆలివ్ నూనె పైనంతా పొయ్యాలి. ఎక్కువనిపిస్తుంది, కానీ తగ్గించకండి. గాట్లలోంచీ, ఆ గుంటలోంచీ నూనె కిందకి దిగి అడుగు పొరని వేయించేది అదే.

200 డిగ్రీల్లో 45 నిమిషాలు. అంచులు పళ్ళేన్ని వదిలి లోపలికి ముడుచుకున్నాయి చూశారా, అయినట్టే. వేడిమీద తియ్యకండి, ఇంకో అరగంట ఆగితే ముక్క గట్టిపడుతుంది.

అత్తయ్య గారు ముందు పేరు వినే జంకారు. గింజ దగ్గర్నుంచి నూనె దాకా అన్నీ తన కళ్ళముందే పడ్డాయి కాబట్టి ధైర్యంగా ప్లేటు పట్టుకున్నారు. పైపొర కరకర, లోపల మెత్తన. సగం ముక్క అయ్యాక లేచి వెళ్ళి నిమ్మకాయ ఊరగాయ తెచ్చుకున్నారు. తేతా వాళ్ళయితే క్యాబేజీ సన్నగా తరిగి నిమ్మరసం, వెల్లుల్లి కలిపి పక్కన పెట్టుకుంటారు. నిజం చెప్పాలంటే ఊరగాయ కూడా చాలా బాగా కలిసింది.

అంచు ముక్కలు నాలుగు సర్ది, పోయిన వారం ఆవిడ మాకు పంపిన గిన్నెలోనే పెట్టి పక్కింటికి పట్టుకెళ్ళాను. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మనకి ఎంత పట్టింపో వాళ్ళకీ అంతే. తేతా వరండాలోనే కూర్చుని ఒక ముక్క చేత్తో విరిచారు. రెండుగా విరిగింది, జారలేదు. వేలితో లోపలి పొర తాకి, తిని, యిస్లమూ ఇదేకీ అన్నారు. నీ చేతులు చల్లగా ఉండాలి అన్నట్టు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత, మర్దకూష్ వెయ్యలేదా అని అడిగారు. అదేంటో నాకు తెలీదు. లేచి పెరట్లోకి వెళ్ళి కుండీలోంచి రెండు రెమ్మలు తుంచి, అదే గిన్నెలో వేసిచ్చారు. పిండి కలిపేటప్పుడు నాలుగాకులు చిదిమి వెయ్యమన్నారు.

ఇంటికొచ్చి గిన్నె టేబుల్ మీద పెట్టానో లేదో అత్తయ్య గారు రెమ్మ తీసి వాసన చూశారు.

"ఇది మరువం కదే!"

అవునండీ, మరువమే. మనం కనకాంబరాల్లో కలిపి మాల కట్టే మరువం. దాన్ని కూరల్లో వేస్తారని ఆవిడకి తెలీదు, జడలో పెట్టుకుంటామని తేతాకి తెలీదు. అత్తయ్య గారు ఒక రెమ్మ దేవుడి దగ్గర పెట్టారు. రెండోదాంట్లో సగం తుంచి ముడిలో దోపుకున్నారు. మిగిలిన సగం గ్లాసులో నీళ్ళు పోసి కిటికీలో ఉంచారు, వేళ్ళు వస్తే కుండీలో పెడతారట. సాయంత్రం తేతా ఇంటికి ఆవిడే వెళ్తానంటున్నారు, ముడిలో ఆ రెమ్మ చూపించడానికి.