ఒకే తలుపున్న ఫైర్ స్టేషన్

అందరికీ నమస్కారం.

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో నుంచి ఉత్తరాన హైలాండ్స్ కొండల వైపు కారులో వెళ్తుంటే, చిన్న ఊళ్ల చివర ఒకే ఒక్క పెద్ద తలుపున్న కట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. లోపల ఒక ఫైరింజను. కొన్నిచోట్ల పక్కనే, తడిసిన పైపులు వేలాడదీసి ఆరబెట్టే టవర్ కూడా ఉంటుంది. ఎప్పుడు చూసినా తలుపు మూసే ఉంటుంది కాబట్టి, మొదట్లో నేను వాటిని ఎత్తేసిన స్టేషన్లనుకున్నాను. ఆ స్టేషన్ సిబ్బంది ఊళ్లో ఉంటారని తర్వాత తెలిసింది. ఒకాయన గొర్రెల మంద దగ్గర, ఒకావిడ బడిలో, ఇంకొకాయన గ్యారేజీలో లారీ కింద. పేజర్ మోగిందంటే చేతిలో పని అక్కడే వదిలేసి పరుగెత్తుతారు.

ఈ పద్ధతికి మూలం పల్లెల్లో లేదు, ఎడిన్‌బరో నగరంలో ఉంది. 1824లో అక్కడి కొత్త అగ్నిమాపక దళానికి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అనే 24 ఏళ్ల యువకుణ్ణి ఫైర్‌మాస్టర్‌గా, అంటే అధిపతిగా పెట్టారు. ఆయన వచ్చిన కొద్ది వారాలకే, నవంబరులో, పాత నగరం తగలబడి వందల కుటుంబాలు వీధిన పడ్డాయి. బ్రెయిడ్‌వుడ్ ఎవరిని చేర్చుకున్నారో చూడండి: పలకరాతి పైకప్పులు వేసేవాళ్లు, వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, కమ్మరులు. కప్పుల మీద తిరగడం అలవాటైనవాడికి ఎత్తంటే బెదురుండదు. ఏ దూలం నిలుస్తుందో, ఏ గోడ కూలుతుందో కట్టే పని తెలిసినవాడు చూడగానే చెబుతాడు. తెల్లవారుజామున కసరత్తు, తెల్లారాక ఎవరి పని వారిది. తర్వాత నగరాలు పూర్తికాలపు దళాలు పెట్టుకున్నాయి. చేతిపని చేసుకుంటూ మంటలార్పే ఆ మనిషి మాత్రం పల్లెలో ఉండిపోయాడు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే.

పల్లెకు సరైన ఇంజను రావడం మాత్రం చాలా ఆలస్యమైంది. బకెట్లు, వాగు నీళ్లు, మహా అయితే జమీందారు ఎస్టేట్‌లోని చేతిపంపు. అగ్నిమాపక ఏర్పాటు స్థానిక పాలకుల విధి అని చట్టం చెప్పింది 1938లో. వెంటనే యుద్ధం. 1941 మార్చి 13, 14 రాత్రులు గ్లాస్గో పక్కనున్న క్లైడ్‌బ్యాంక్ పట్టణం మీద బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలో బయటపడ్డ లోపం వింటే బాధేస్తుంది: సాయానికి వచ్చిన దళం పైపు ఈ ఊరి హైడ్రెంట్‌కు, అంటే మంటలార్పే నీళ్లిచ్చే వీధి కుళాయికి, పట్టేది కాదు! ఊరికో రకం బిగింపు మరి. అదే ఏడాది ఆగస్టులో బ్రిటన్‌లోని 1,600కు పైగా దళాలను కలిపి నేషనల్ ఫైర్ సర్వీస్‌గా మార్చారు. పరికరాలు, హోదాలు, శిక్షణ ఒక్కటయ్యాయి. 1948 మే 16న ఆ బాధ్యత మళ్లీ స్థానిక పాలకులకు వచ్చేసరికి స్కాట్లాండ్‌లో 11 దళాలు ఏర్పడ్డాయి. యుద్ధంలో విమానాల రాకను హెచ్చరించిన సైరన్లే ఆ తర్వాత చాలా ఊళ్లలో మంటలార్పేవాళ్లను పిలిచాయి. ఆ కూత వింటే ఊరంతటికీ తెలిసేది. పేజర్ వచ్చాక అది ఆగిపోయింది.

1975లో ఆ 11 కాస్తా 8 అయ్యాయి. 2013 ఏప్రిల్ 1 నుంచి స్కాట్లాండ్ అంతటికీ ఒకటే సర్వీసు. దాని 350కి పైగా స్టేషన్లలో ఎక్కువ భాగం ఇలా పిలిస్తే వచ్చేవాళ్లతో నడిచేవే.

వీళ్లు చిన్నాచితకా మంటలకే అనుకోకండి. 1988 డిసెంబరు 21 సాయంత్రం లాకర్బీ మీద పాన్ యామ్ విమానం కూలినప్పుడు, ఆ చిన్న పట్టణంలో ఉన్నదీ ఇలాంటి దళమే. విమానంలో 259 మంది, నేల మీద 11 మంది చనిపోయారు. ఇంధనంతో నిండిన రెక్కలు పడ్డ షేర్‌వుడ్ క్రెసెంట్‌లో ఇళ్లకు ఇళ్లే మాయమయ్యాయి. ఆ దళం వెళ్లింది తాము పుట్టి పెరిగిన వీధుల్లోకి.

ఇప్పుడు కష్టం పగటిపూట వస్తోంది. బండి కదలాలంటే కనీసం నలుగురు కావాలి. యువత దూరాన పట్నంలో ఉద్యోగాలకు వెళ్తే, పనిరోజుల్లో ఆ నలుగురు దొరకడం లేదు. ఇంజను మెరుస్తూ లోపలే ఉంటుంది, సాయం పక్క ఊరి నుంచి రావాలి.

అందుకే ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసుకుంటూ పల్లెల్లో స్థిరపడ్డ మనవాళ్లను అడుగుతున్నాను. పగలు మీరు ఊళ్లోనే ఉంటారు. స్టేషన్ వాళ్లు వారానికో సాయంత్రం ఆ తలుపు తెరిచి డ్రిల్లు చేస్తారు. ఈసారి వెళ్లి ఒకసారి పలకరించండి.