ఒకే బల్ల మీద చిత్రికా పట్టాలి, ఇంజినూ విప్పాలి: షెడ్డులో పనిబల్ల కట్టుకోవడం

[దృశ్యం: రేకుల షెడ్డు. నేల మీద గోనెపట్టా, దాని మీద విప్పిన బైకు ఇంజిను. రెండడుగుల దూరంలో రంపపు పొట్టు కుప్ప.]

నమస్కారం అండీ. సింగరాయకొండలో మా ఇంటి వెనకున్న షెడ్డు ఇది. పొద్దున పూట ఇక్కడ చెక్క పని చేస్తా. పీటలు, స్టూళ్లు, కిటికీ రెక్కలు. సాయంత్రమైతే బండ్ల పని. ఇంట్లో రెండు బైకులున్నాయి, మా బాబాయికి ట్రాక్టరు ఉంది, ఏదో ఒకటి విప్పాల్సి వస్తూనే ఉంటుంది. ఏడాదిన్నర పాటు ఈ రెండు పనులూ నేల మీదే చేశాను.

మా వీధి చివర ఒక వడ్రంగి పెద్దయ్య ఉన్నారు. చిన్నప్పటి నుంచీ ఆయన్ని కింద కూర్చుని చూడటమే. చెక్కను కాలి వేళ్లతో అదిమిపట్టి చిత్రిక పడతారు, అంటే బ్లేడున్న పనిముట్టు తోసి నునుపు చేస్తారు. ఆ పనితనానికి దండం పెట్టాలి. కానీ ఇప్పుడాయన మోకాళ్లు మడవలేరు. రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని పనిచేసే మెకానిక్కుల సంగతీ అంతే, నలభై దాటేసరికి నడుము పట్టేస్తుంది. ఆయన మోకాళ్లు చూశాకే నేను బల్ల గురించి గట్టిగా ఆలోచించాను.

బల్ల చేయాల్సింది ఒక్కటే, కదలకుండా నిలబడటం. మీరు చిత్రిక తోస్తే బల్ల తోయబడకూడదు. బిగుసుకుపోయిన నట్టును పానాతో లాగితే బల్ల మీ వెంట రాకూడదు. చిక్కేమిటంటే చెక్క పనికి కావాల్సిన బల్ల వేరు, ఇంజిను పనికి కావాల్సిన బల్ల వేరు. షెడ్డులో రెండు బల్లలకు చోటు లేదు. మరి ఒక్కదాన్నే రెండింటికీ ఎలా కుదిర్చామో చూద్దాం.

[దృశ్యం: గోడకు ఆనుకుని నిటారుగా నిలబడి, చేతులు వదిలేసి, టేపుతో కొలత.]

ముందు ఎత్తు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. వంటింటి గట్టు ఎత్తు కొలిచి అంతే పెట్టేస్తారు. అలా కాదు. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడండి. చేతులు కిందికి వదిలేయండి. మణికట్టు దగ్గర మడత ఉంటుంది కదా, నేల నుంచి అక్కడికి కొలవండి. చిత్రిక పట్టడానికి అదే ఎత్తు. బల్ల అంతకంటే ఎత్తుంటే భుజాలతో తోస్తారు, ఒళ్లు బరువు పనిమీద పడదు, పావుగంటకే అలిసిపోతారు. నాది 5 అడుగుల 7 అంగుళాల ఎత్తు, నాకు 33 అంగుళాలు వచ్చింది.

ఇంజిను పనికి మాత్రం 33 తక్కువ. ఆకురాయి పట్టాలన్నా, బేరింగు లాగాలన్నా వస్తువు మోచేతి ఎత్తులో ఉండాలి. నా మోచెయ్యి నేల నుంచి 41 అంగుళాలు. ఎనిమిది అంగుళాల తేడా. ఇక్కడే నాకు దారి దొరికింది. 5 అంగుళాల బెంచి వైసు, అంటే వస్తువును రెండు దవడల మధ్య బిగించి పట్టే పనిముట్టు, తెచ్చి కొలిస్తే, అడుగు నుంచి దవడ పైఅంచు దాకా 7 అంగుళాలుంది. దాని కింద అంగుళం మందం తుమ్మ దిమ్మ పెట్టా. సరిగ్గా 41! అంటే బల్లను మణికట్టుకు కట్టండి, వైసు దానంతట అదే మోచేతికి చేరుతుంది.

[దృశ్యం: వెల్డింగు షాపు. పైపు కోత.]

నా మొదటి బల్ల మొత్తం చెక్కదే. కార్తీక మాసంలో, వానల్లో, సామిల్లు నుంచి అప్పుడే కోసిన తుమ్మ పలకలు తెచ్చాను. బండి చక్రాలకీ నాగళ్లకీ వాడిన చెక్క కదా, ఇంతకంటే గట్టిది ఏముంటుందని. గట్టిదే, కానీ పచ్చిది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మన పెద్దలు. రోలే పగిలే ఎండకు పచ్చి పలక ఆగుతుందా? మే నెలాఖరుకు పలకల మధ్య వేలు దూరేంత సందు, ఒక పలకైతే కొండిలా మెలి తిరిగింది. చెక్క పొడవు వైపు దాదాపు మారదు, అడ్డం వైపు మాత్రం తేమ పోతే కుంచించుకుపోతుంది, తేమ వస్తే ఉబ్బుతుంది. నీడలో, గాలి ఆడేలా పేర్చి ఆరబెడితే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుంది. అంత ఓపిక, చోటు ఉన్నవాళ్లు చెక్కతో చేసుకోండి, చాలా బాగుంటుంది. నేను రెండోసారి కాళ్లకు ఇనుము, పైకి ప్లైవుడ్ తీసుకున్నా.

ఇనుముకు ఇంకో కారణం కూడా ఉంది, చెదలు. మట్టి నేల షెడ్డులో చెక్క కాళ్లు పెడితే ఎప్పుడు తింటాయో కూడా తెలియదు, లోపల్నుంచి డొల్ల చేస్తాయి.

కొలతలు చెప్తా, రాసుకోండి. బల్ల 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. 2 అంగుళాల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం. పైపు 20 అడుగుల పొడుగు వస్తుంది, మూడు తీసుకుంటే సరిపోతుంది, వెనక ఏటవాలు కట్టుకు కూడా మిగులుతుంది. పైఫ్రేముతో కలిపి ఇనుము ఎత్తు 30 అంగుళాలు, 33కు మిగతాది పైముఖం, కాళ్ల కింది బోల్టులు కలిపి వస్తుంది. పైఫ్రేములో మధ్యన రెండు అడ్డపట్టీలు. నేల నుంచి 6 అంగుళాల ఎత్తున చుట్టూ ఇంకో ఫ్రేము, దాని మీద అర వస్తుంది. ఆ అరలో బరువైన సామాన్లన్నీ పెట్టండి. బరువు కింద ఉంటే బల్ల ఇంకా బిగిసి కూర్చుంటుంది.

ఏటవాలు కట్టు మాత్రం మానొద్దు. నులక మంచం కీళ్లు వదులైతే ఎలా పక్కకు ఒరుగుతుందో చూశారుగా? నాలుగు మూలల చట్రానికి ఆ జబ్బు ఉంటుంది. మూలలు బిగించినా తోపుకు ఒరగాలనే చూస్తుంది. కర్ణం మీదుగా ఒక పైపు వేస్తే అది రెండు త్రిభుజాలైపోతుంది. త్రిభుజం భుజాలు విరిగితే తప్ప ఒరగదు. వెనకవైపు ఒకటి, రెండు పక్కలా ఒక్కోటి వేయించాను.

వెల్డింగు చేసేవాళ్లకు ఒక మాట చెప్పండి. ముందు అన్ని మూలలూ చుక్క వెల్డింగు మాత్రమే. అప్పుడు టేపుతో రెండు కర్ణాలూ కొలవాలి. రెండూ సమానంగా ఉంటే చట్రం మూలమట్టానికి ఉన్నట్టే. ఆ తర్వాతే పూర్తి వెల్డింగు, అదీ ఒక మూల నుంచి వరసగా కాకుండా ఎదురెదురు మూలలు మార్చుకుంటూ. వేడికి ఇనుము లాగేస్తుంది, ఒకే వైపు చేస్తే చట్రం వంకర పోతుంది.

కాళ్ల అడుగున 6 మిల్లీమీటర్ల పలక ముక్క, దానికి నట్టు వెల్డు చేయించి, 12 మిల్లీమీటర్ల బోల్టు కింద నుంచి ఎక్కించాం. నేల ఎగుడుదిగుడు ఉన్నా బోల్టు తిప్పితే మట్టం అయిపోతుంది. ఇవి లేకపోతే కాళ్ల కింద అట్టముక్కలు పెట్టుకుంటూ ఉండాల్సిందే.

మాది సముద్రం దగ్గర ఊరు. ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. వెల్డింగు చిట్టెం గీకి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు, ఆపైన రంగు. పైపు చివర్లు తెరిచి వదలొద్దు, మూసేయించండి.

[దృశ్యం: చేతిలో పెళ్లి శుభలేఖల కట్ట. వంచి చూపించడం.]

ఇప్పుడు పైముఖం. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒక్కటి చాలు. నీళ్లకు తట్టుకునే రకం అడగండి, మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉంటే మెరైన్ గ్రేడు. షీటును షాపులోనే నిలువుగా రెండుగా చీల్పించి, ఒక్కోటి 6 అడుగులకు కోయించండి. రెండు పొరలు వస్తాయి. మిగిలిన రెండు ముక్కలు కింద అరకు.

రెండు పొరలూ జిగురుతో అతికించాలి. ఊరికే స్క్రూలు కొడితే చాలదా అని అడుగుతారు. ఈ శుభలేఖల కట్ట చూడండి. వంచితే ఎంత తేలిగ్గా వంగిందో! అంచులు గమనించండి, మెట్లుమెట్లుగా జారాయి. కార్డులు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి కాబట్టే కట్ట వంగింది. ఇదే కట్టను ఫెవికాల్ పూసి ఆరబెట్టాను. [రెండో కట్ట. వంగదు.] కార్డులు అవే, మందమూ అదే, కానీ జారే వీలు లేదు. చెక్కకూ అంతే. రెండు పొరలు విడివిడిగా ఉంటే ఒక పొర కంటే రెండింతల బిగువు. అతికిస్తే ఎనిమిదింతలు. ఒక డబ్బా జిగురుతో నాలుగింతల లాభం, ఇంకెక్కడ దొరుకుతుంది?

జిగురు అంచులదాకా పూసి, పై పొర పెట్టి, కింద నుంచి 30 మిల్లీమీటర్ల స్క్రూలు. మధ్యలో గట్టిగా నొక్కడానికి క్లాంపులు అందవు. వడ్ల బస్తాలు నాలుగు తెచ్చి పైన వేశాం, ఒక రాత్రంతా. 75 కిలోల బస్తాలు నాలుగంటే 300 కిలోలు. బల్ల ఎంత మోస్తుందో పరీక్ష కూడా అయిపోయింది. మన నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు, పుట్టి వడ్లు మోయమని నేను అడగలేదు.

[దృశ్యం: బల్ల మీద నల్ల మరకలు పడిన పాత చెక్క తలుపు.]

ఈ తలుపు గురించి చెప్పాలి. పక్కింటివాళ్ల పూజ మందిరానికి టేకుతో చేసిన తలుపు. అప్పట్లో బల్లకు ఒకటే ముఖం. ముందురోజు బైకు చైను కడిగి, బల్ల తుడిచాననే అనుకున్నా. పాలిష్ వేస్తే ఇదిగో ఈ చోట్ల పట్టలేదు, నూనె పీల్చుకుంది. ఈ నల్ల చుక్కలు వేరే, ఆకురాయి పట్టినప్పుడు రాలిన ఇనుప రజను. టేకులో, తుమ్మలో వగరు పదార్థం ఉంటుంది. తుమ్మ పట్టతో తోళ్లు ఊనబెట్టేది అందుకే. దానికి ఇనుమూ తేమా తగిలితే నల్లటి సిరా మరకే. దేవుడి తలుపు, అలా ఇవ్వడానికి మనసొప్పలేదు. కొత్త టేకు కొని మళ్లీ చేసిచ్చాను.

దీనికి తిరుగుడు కూడా ఉంది. రంపపు పొట్టు బేరింగులో పడితే, కార్బురేటరు సన్నటి బెజ్జంలో పడితే బండి నడవదు. కాబట్టి బల్ల ఒకటే అయినా ముఖాలు రెండు ఉండాలి.

చెక్క పనికి, ప్లైవుడ్ మీద 6 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు. జిగురు వద్దు, మూలల్లో స్క్రూలు చాలు, పాడైతే విప్పి కొత్తది వేసుకుంటాం. ఇంజిను పనికి, ఇనుప రేకుతో పళ్లెం లాంటి మూత చేయించాను. మూడు వైపులా అర అంగుళం అంచు లేచి ఉంటుంది. ఆ వైపులకు నూనె కారదు, బేరింగు బాల్స్ దొర్లి పడిపోవు. బల్ల కుడి సగం మీద ఇది పెడతాం, పనయ్యాక తీసి గోడకు తగిలిస్తాం.

వైసు కూడా కుడి మూలనే, సరిగ్గా బల్ల కాలికి నేరుగా పైన ఉండేట్టు. మధ్యలో పెడితే సుత్తి దెబ్బకు బల్ల ఎగురుతుంది. కదలని దవడ బల్ల అంచుకు కొంచెం బయటికి రావాలి, అప్పుడే పొడుగాటి పైపును నిలువుగా పట్టించగలం. బోల్టులు ప్లైవుడ్ దాటి ఫ్రేము దాకా, కింద మందపాటి వాషర్లు. చెక్కను ఈ వైసులో పట్టాల్సి వస్తే దవడలకు రెండు వేప ముక్కలు తొడగండి, లేకపోతే పళ్ల గాట్లు పడతాయి.

ఎడమ చివర చెక్క పనిది. కుడిచేతివాటం వాళ్లు చిత్రికను కుడి నుంచి ఎడమకు తోస్తారు, అందుకని చెక్కను ఆపే మొలలు ఎడమన ఉండాలి. 20 మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగు వేసి, తుమ్మ మొలలు దింపాను. ఇనుప మొలలు వద్దు, చిత్రిక తగిలితే బ్లేడు పోతుంది.

[దృశ్యం: నల్లటి రాతి పలక, మీద మెరిసే చుక్కలు. దాని మీద తడి ఎమిరీ కాగితం.]

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన వస్తువు. మన చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు. ఒంగోలు చుట్టుపక్కల పాలిష్ యూనిట్లలో తెగిన ముక్కలు మిగిలిపోతుంటాయి. ప్రపంచమంతా ఈ రాయిని గట్టు మీద అందానికి వేసుకుంటుంది. నాకైతే దీని చదును కావాలి. రాయి మీద ఎమిరీ కాగితం తడిపి పరిచి, చిత్రిక బ్లేడు వెనక వైపు రుద్దితే అద్దంలా వస్తుంది. అదే రాయి, అదే కాగితం బైకు హెడ్డుకూ, అంటే ఇంజిను సిలిండరు పైమూతకూ పనికొస్తుంది. గ్యాస్కెట్ కూర్చునే ముఖం కొద్దిగా వంకరపోతే, ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా రుద్దాలి. ముందు ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి, కింద ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే పలచటి రేకు, దూర్చి చూడండి. ఎంతవరకు వంకర ఉండొచ్చో మీ బండి మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అది దాటితేనే రుద్దండి.

మొత్తం బల్లకే ఈ రాయి వేయిద్దామని ఆశపడకండి. సుత్తి జారిపడితే నిట్టనిలువునా పగులుతుంది.

ఇక నిప్పు. ఇది గట్టిగా చెప్తున్నా. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. రంపపు పొట్టు కూడా నేల మీదే ఉంటుంది. గ్రైండరు నిప్పురవ్వలు పడేదీ అక్కడే. అందుకే గ్రైండరు బల్ల మీద పెట్టలేదు, బయట స్తంభానికి బిగించాను. విడిభాగాలు కడగడం షెడ్డు బయటే. అవిసె నూనె పూసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు, ఆరేటప్పుడు వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి.

[దృశ్యం: పూర్తయిన బల్ల. వడ్రంగి పెద్దయ్య కర్ర ఆనించి లోపలికి వస్తారు.]

పెద్దయ్యను పిలిచాం. ముందు బల్లను అరచేత్తో నెట్టి చూశారు. కదల్లేదు. కిందికి వంగి ఏటవాలు పైపు తట్టారు. ఒక వేప పలక మొలలకు ఆనించి నాలుగు తోపులు తోశారు, నిలబడే. ఐదో తోపుకు ఆగి నా వైపు చూసి, "నాకు అర అంగుళం దించు అబ్బయ్యా" అన్నారు.

[దృశ్యం: నాలుగు కాళ్ల కింద బోల్టులు పానాతో తిప్పడం. చిత్రిక చప్పుడు మళ్లీ మొదలు.]