పదిహేడేళ్ల దగ్గర ఆగిపోయినవాడు

నేను: నమస్కారం అండి. ఈ ఎపిసోడ్ పి. గన్నవరం దగ్గర మా మేనత్త ఇంటి అరుగు మీద కూర్చుని రికార్డు చేస్తున్నాను. మధ్యలో కాలవగట్టు మీద ఆటోల చప్పుడు వినిపించొచ్చు. అత్తయ్య ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో నేచురల్ సైన్స్ చెప్పి రిటైరైంది. ఇప్పుడు ఆవిడ ఒళ్లో ఉన్న పుస్తకం స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’. 2005లో వచ్చింది. ఎడ్వర్డు అనే వాంపైర్‌కీ, అంటే రక్తం తాగి బతికేవాడికీ, ఒక మామూలు అమ్మాయికీ మధ్య ప్రేమకథ. అత్తయ్యా, ఇది నీ చేతికెలా వచ్చింది?

అత్తయ్య: నువ్వు వదిలేసి వెళ్లిందే కదమ్మలూ. 2022 జూలైలో గోదారి పెరిగింది చూడు, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది, అప్పుడు. ఇక్కడ కరెంటు లేదు. మీ మావయ్య లంకల్లోకి భోజనాలు పంపే పడవల దగ్గరే ఉండిపోయారు. కింద గదిలో సామాను పైకి చేరవేస్తుంటే నీ పెట్టెలో ఇది కనబడింది. తడిసి ఉబ్బిపోయి, పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మధ్యలో న్యూస్‌పేపరు ముక్కలు పెట్టి ఆరబెట్టాను. ఆరిన పేజీ ఆరినట్టు చదివాను. కొన్నిచోట్ల తర్వాతి పేజీ విడివడేదాకా ఆగాల్సొచ్చింది. సీరియల్ కోసం వారం ఆగినట్టే ఉండేది.

నేను: కథలోనూ ముసురే కదా.

అత్తయ్య: అవును. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఫోర్క్స్ అని చిన్న ఊరు. ఎప్పుడు చూసినా మబ్బే. ఎండ తగిలితే ఈ వాంపైర్ల ఒళ్లు మెరుస్తుంది, జనం పసిగట్టేస్తారు. అందుకని అక్కడ చేరారు. నువ్వు దీన్ని ఎప్పుడు చదివావ్?

నేను: ఇంటర్ ఫస్టియర్. హాస్టల్లో, దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని. ఒకసారి వార్డెన్ లాక్కుంటే నాన్న వచ్చి అడిగితే గానీ ఇవ్వలేదు. ఆ రెండేళ్లు ఎవరు నన్ను పలకరించినా వీక్లీ టెస్టులో ఎన్ని వచ్చాయనే అడిగేవారు. ఈ పుస్తకంలోనేమో ఒకడు మామూలు అమ్మాయి మీద నుంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు. ఆ అమ్మాయి ఏం ఆలోచిస్తోందో తెలుసుకోవాలని తపించిపోతున్నాడు. అందరి మనసులూ చదవగలడు, ఈ ఒక్క అమ్మాయిది తప్ప. అందుకని అడిగి తెలుసుకుంటాడు. అడగడం, అత్తయ్యా! నాకు అదే కావాల్సి వచ్చింది.

అత్తయ్య: మాకు రాజశేఖరం ఉండేవాడు. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ నవలలో హీరో. మా చిన్నప్పుడు సీరియల్ పేజీలు పత్రికలోంచి జాగ్రత్తగా విడదీసి, దారంతో కుట్టి, మైదా జిగురుతో అట్ట వేసుకునేవాళ్లం. ఒక్క బైండు వీధంతా తిరిగేది. అందుకే ఈ ఎడ్వర్డుని చూడగానే గుర్తుపట్టేశాను. డబ్బుంది, కారుంది, మనసులో మాట మాత్రం పైకి రాదు.

నేను: అయితే రక్తం సంగతి?

అత్తయ్య: అక్కడే ఉంది తేడా. మా కథానాయకులు మనసు దాచుకుంటే అభిమానం కోసం. వీడు తనని తాను పట్టుకోకపోతే ఆ పిల్ల ప్రాణమే పోతుంది. ఆ బయాలజీ క్లాసు గుర్తుందా? పక్కన కూర్చున్నాడు. ఆమె రక్తం వాసనకి తట్టుకోలేక కుర్చీ చివరికి జరిగిపోయి, పిడికిలి బిగించి గంటంతా అలాగే ఉన్నాడు. ఆమె ఏం చేసింది? తన జుట్టు వాసన చూసుకుంది, తన దగ్గరేమైనా వస్తోందేమోనని. అది చదివి పుస్తకం కాసేపు మూసేశాను. అలా బెంచీ చివర ముడుచుకుని కూర్చున్న పిల్లల్ని ఎంతమందిని చూశానో. అప్పుడు వాళ్ల మనసులో ఏముందో నేను అడగలేదు.

నేను: సరే, అరవై ఆరేళ్లకి పదిహేడేళ్ల పిల్లల ప్రేమ ఎందుకు పట్టింది నిన్ను?

అత్తయ్య: వాడికి పదిహేడేళ్లని ఎవరన్నారు? 1901లో పుట్టాడు. 1918లో ఇన్‌ఫ్లుయెంజాతో చికాగో ఆస్పత్రిలో చావబోతుంటే డాక్టరు ఇలా వాంపైర్‌గా మార్చాడు. వందేళ్లు దాటినా మొహం పదిహేడు దగ్గరే ఉంది. ఆ సంవత్సరం చూడగానే నా చెయ్యి ఆగిపోయింది. ఆ జ్వరం మన దేశంలో కోటి మందికి పైగా తీసుకుపోయింది. మా నాయనమ్మ అన్నగారు అందులోనే పోయారు. పదిహేడేళ్లు. అప్పటికి నాయనమ్మకి పది. ఎనభై ఏళ్లు బతికి, మనవలకి పెళ్లిళ్లు చేసి, చివరిదాకా ‘మా అన్నయ్య’ అనే చెప్పేది. ‘మా అన్నయ్య ఈదితే వైనతేయ పాయ ఇటు నుంచి అటు దాటేసేవాడు’ అనేది. ముడతల మొహంతో పదిహేడేళ్ల పిల్లాణ్ని ‘అన్నయ్యా’ అని తలుచుకునేది. ఈ రచయిత్రికి మా నాయనమ్మ ఎలా తెలుసు అనిపించింది నాకు.

నేను: ఈ మాట నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు.

అత్తయ్య: ఎవరికి చెప్పినా దెయ్యాల పుస్తకం అంటారు.

నేను: తెలుగులో రక్తపిశాచి అంటే ఆ మాటలో ప్రేమకి చోటే ఉండదు. మన బేతాళుణ్నే రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషు దొర 1870లో ఇంగ్లీషులోకి తీసుకెళ్తూ ‘వాంపైర్’ అన్నాడు. మన బేతాళుడు కథలు చెబుతాడు, రక్తం ఊసే ఎత్తడు.

అత్తయ్య: భుజం మీద మోసేవాడితో మాట్లాడతాడు. మాటలే కావాలి మనకి.

నేను: నచ్చనిదేమైనా ఉందా?

అత్తయ్య: ఉంది. ఆ అమ్మాయికి తెలియకుండా రాత్రిళ్లు కిటికీలోంచి వచ్చి, నిద్రపోతుంటే చూస్తూ ఉంటాడు. తెలిశాక ఆమె సంతోషపడుతుంది. అది నేను ఒప్పుకోను. నా క్లాసులో పిల్ల ఎవరైనా వచ్చి ఇలా జరిగిందని చెబితే ఇంట్లో పెద్దవాళ్లకి కబురు చేసేదాన్ని. 1897 నాటి ‘డ్రాక్యులా’లో ఒక నియమం ఉంది. ఇంట్లోవాళ్లు ఒక్కరైనా పిలిస్తే తప్ప వాడు మొదటిసారి గుమ్మం దాటలేడు. అది నాకు ఇష్టం. మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు కదా, లోపల ఉన్నవాళ్ల మాటకే బయటది కట్టుబడాలి. ఈ పుస్తకం చదివే ఆడపిల్లలకి ఆ ఒక్కటీ కూర్చోబెట్టి చెప్పాలి. పుస్తకం లాక్కోకూడదు.

నేను: ఈ కథలో మిగతా మూడు పుస్తకాలూ తెచ్చాను. చదువుతావా?

అత్తయ్య: అక్కడ పెట్టు. ముందు పక్కింటి కోడలికివ్వాలి, మొదటిది ఆవిడే చదివి వాళ్ల అత్తగారికి రోజూ సాయంత్రం కథ చెప్పింది. ఆ పెద్దావిడకి చూపు లేదు. నిన్న గోడ మీద నుంచి అడిగారు, ఆ పిల్లాడు తిరిగొచ్చాడా అని.