చలికాలం మూడు నెలలు ఆర్వీలో: రాత్రి బస ఖర్చు నిజంగా ఎక్కడ తగ్గుతుంది?

[స్క్రీన్ మీద: తెల్లవారుజామున ఫోన్‌తో తీసిన క్లిప్. ఆర్వీ పక్కన నేలమీద నీళ్ల గొట్టం.]

నమస్కారం అండీ. ఈ గొట్టం చూడండి. రాత్రి పడుకునేటప్పుడు చేత్తో చుట్ట చుడితే చుట్టుకునేంత మెత్తగా ఉంది. తెల్లారి ఒక కొస పట్టుకుని ఎత్తితే గొట్టం మొత్తం కర్రలా లేచింది. లోపల నీళ్లు గడ్డకట్టేశాయి. ఇది ఆర్వీలో, అంటే లోపలే పడకలు, వంటగది ఉన్న బండిలో, మా మొదటి చలికాలం ప్రయాణంలో అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర జరిగింది. సీజన్ కాదు కాబట్టి క్యాంప్‌గ్రౌండ్ వాళ్లు చవగ్గా ఇచ్చారు. మేమూ మంచి బేరం దొరికిందనుకున్నాం. ఆ ఒక్క రాత్రికే నిండు ప్రొపేన్ గ్యాస్ సిలిండర్‌లో సగానికి పైగా అయిపోయింది. గొట్టానికి ఉన్న ఫిల్టర్ పగిలిపోయింది. మర్నాడు నీళ్లు రావడానికి మధ్యాహ్నం దాకా ఆగాల్సి వచ్చింది.

అందుకే ఈ వీడియోలో ఫ్రీగా ఆగే చోట్ల చిట్టా చదివి వదిలేయను. అమెరికాలో చలికాలమంతా ఆర్వీలో గడపాలనుకునే మనవాళ్లు చాలామంది మొదట అడిగేది ‘రాత్రికి ఎంతవుతుంది’ అని. ముందు చూసుకోవాల్సింది మాత్రం రెండే: ఎంత ఎత్తులో ఆగుతున్నాం, ఎన్నిసార్లు బండి కదిలిస్తున్నాం. బస ఖర్చు ఆ రెండింటి వెనకే నడుస్తుంది.

[స్క్రీన్ మీద: ఎత్తులు చూపించే మ్యాప్. ఫ్లాగ్‌స్టాఫ్, టూసాన్, క్వార్ట్‌సైట్, యూమా.]

ముందు ఎత్తు సంగతి. ప్రతి వెయ్యి అడుగులు పైకి వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత సుమారు మూడున్నర డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గుతుంది. ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తులో ఉంది. టూసాన్ 2,400, క్వార్ట్‌సైట్ 900 అడుగుల లోపే, యూమా అయితే 150 అడుగులు కూడా ఉండదు. అన్నీ అరిజోనాలోనే. ‘అరిజోనా కదా, ఎండలే ఎండలు’ అనుకుని వెళ్తే మాకు పట్టిన గతే పడుతుంది.

తూర్పు నుంచి వచ్చేవాళ్లు ఫ్లాగ్‌స్టాఫ్ మీదుగా వెళ్లే ఐ-40 హైవే వదిలి, దక్షిణాన ఉన్న ఐ-10 హైవే పట్టుకోండి. అయితే ఐ-10 దక్షిణాన ఉంది కదా అని దారంతా వెచ్చగా ఉంటుందనుకోకండి. పశ్చిమ టెక్సాస్ నుంచి న్యూమెక్సికో మీదుగా అరిజోనాలో విల్‌కాక్స్ దాటేదాకా రోడ్డు చాలావరకు 3,000 నుంచి 5,000 అడుగుల ఎత్తులోనే నడుస్తుంది. జనవరి రాత్రుల్లో అక్కడ నీళ్లు గడ్డకడతాయి. ఆ ముక్కను పగటిపూటే దాటేలా, మధ్యలో ఒక్క రాత్రికి మించి ఆగకుండా ప్లాన్ చేసుకోండి. గాలి హెచ్చరిక ఉంటే మాత్రం ఆగిపోండి. నిలువెత్తు గోడలాంటి బండిని ఈదురుగాలిలో నడపడం కన్నా ఒక రోజు ఆలస్యమవడమే మేలు.

ఇప్పుడు కదలడం సంగతి. మామూలు క్లాస్ సీ బండి, అంటే మధ్యరకం ఆర్వీ, గ్యాలన్‌కు పది మైళ్లు ఇస్తుందనుకుందాం. గ్యాలన్ మూడు డాలర్లు అనుకుంటే మైలుకు 30 సెంట్లు. ఫ్రీగా ఆగడానికి హైవే వదిలి ఇరవై మైళ్లు లోపలికి వెళ్లి, మళ్లీ ఇరవై మైళ్లు వెనక్కి వచ్చారంటే ఆ ‘ఫ్రీ’ రాత్రికి పన్నెండు డాలర్లు పెట్టినట్టే. రోజుకో ఊరు మారేవాళ్లు బస మీద మిగిల్చినదంతా పెట్రోల్ బంకులోనే పోస్తారు. అద్దె ఆర్వీ అయితే ఇంకా జాగ్రత్త. చాలా కంపెనీలు మైళ్లకు వేరే, జనరేటర్ నడిపిన గంటలకు వేరే లెక్క వేస్తాయి. ఒప్పందంలో ఆ రెండు లైన్లూ చదవకుండా సంతకం పెట్టకండి.

అంటే మూడు నెలల ప్రయాణంలో ఎక్కువ రాత్రులు ఒకటి రెండు చోట్లే గడవాలి. అలా ఉండటానికే అమెరికా ప్రభుత్వం పెట్టిన ఏర్పాటు ఒకటుంది. మనవాళ్లలో చాలామందికి దీని గురించి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

[స్క్రీన్ మీద: క్వార్ట్‌సైట్ దక్షిణాన లా పోసా. ఎడారిలో దూరం దూరంగా ఆర్వీలు.]

ప్రభుత్వ భూముల్ని చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అందరూ బీఎల్ఎం అంటారు. అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో చలికాలం అతిథుల కోసం వీళ్లు లాంగ్ టర్మ్ విజిటర్ ఏరియాలు పెట్టారు. 1983 నుంచీ నడుస్తున్నాయి. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజన్. సీజన్ పర్మిట్ చాలా ఏళ్లుగా 180 డాలర్లు, 14 రోజుల పర్మిట్ 40 డాలర్లు. బయల్దేరే ముందు బీఎల్ఎం సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. 180 కట్టి తొంభై రాత్రులు ఉంటే రాత్రికి రెండు డాలర్లు. పర్మిట్ ఒకటే ఉన్నా క్వార్ట్‌సైట్ దగ్గరి లా పోసాలో కొన్నాళ్లు, యూమా దగ్గరి ఇంపీరియల్ డ్యామ్‌లో కొన్నాళ్లు ఉండొచ్చు. ఈ రెండు చోట్లా నీళ్లు పట్టుకోవడానికి, ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికి, చెత్త వేయడానికి వీలుంది. కరెంటు హుకప్, అంటే బండికి తగిలించుకునే కనెక్షన్, మాత్రం ఉండదు. మీకు కేటాయించిన స్థలమంటూ కూడా ఏమీ ఉండదు. నచ్చిన చోట బండి పెట్టుకోవడమే.

పర్మిట్ కూడా వద్దనుకుంటే, మామూలు బీఎల్ఎం భూమిలో చాలాచోట్ల డబ్బులు లేకుండానే ఆగొచ్చు. 28 రోజుల్లో 14 రోజులు ఉండొచ్చు, ఆ తర్వాత అక్కడి నుంచి కదలాలి. క్వార్ట్‌సైట్ చుట్టూ ప్లొమోసా రోడ్డు, డోమ్ రాక్, హై జాలీ అలాంటి చోట్లే. ఈ హై జాలీ పేరు వెనక కథ నాకు చాలా ఇష్టం. 1850ల్లో అమెరికా సైన్యం ఈ ఎడారుల్లో సామాన్లు మోయించడానికి ఒంటెలు తెప్పించి చూసింది. వాటితో వచ్చిన హాజీ అలీ పేరు ఇక్కడివాళ్ల నోట్లో హై జాలీ అయింది. క్వార్ట్‌సైట్ శ్మశానంలో ఆయన సమాధి మీద రాతి పిరమిడ్, దానిపైన లోహపు ఒంటె బొమ్మ ఉంటాయి. మా అమ్మావాళ్లు చలికాలంలో వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఎక్కడినుంచో వచ్చి పేరు మారిపోయినా ఇక్కడే ఉండిపోయిన మనిషి కదా అని అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది.

జనవరిలో క్వార్ట్‌సైట్‌లో పెద్ద ఆర్వీ షో జరుగుతుంది. ఆ రోజుల్లో ఊరు కిక్కిరిసిపోతుంది. ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ దగ్గర పొడవాటి క్యూలు ఉంటాయి. ప్రశాంతత కావాలంటే ఆ వారం యూమా వైపు వెళ్లిపోండి.

ఇక దారిలో పడే రాత్రులు. గమ్యానికి రెండు మూడు రోజుల దూరం ఉంటే మధ్యలో ఎక్కడో కళ్లు మూసుకోవాలి కదా. వీటికే వాల్‌మార్ట్ స్టోర్ల, క్రాకర్ బ్యారెల్ రెస్టారెంట్ల పార్కింగులు. అన్ని చోట్లా ఒప్పుకోరు. ఆ ఊరి చట్టం, ఆ స్టోర్ మేనేజర్ ఇష్టం. మధ్యాహ్నమే ఫోన్ చేసి ‘ఒక్క రాత్రి ఆర్వీ పెట్టుకోవచ్చా’ అని అడగండి. చీకటి పడ్డాక వెళ్లి, మూలగా పెట్టుకుని, పొద్దున్నే బయల్దేరిపోవాలి. స్లైడ్లు, అంటే గది పెరిగేలా పక్కకు జరిగే బండి గోడలు, తెరవడం, కుర్చీలు బయట వేయడం, స్టవ్ బయటపెట్టి పోపు వేయడం, ఇవేవీ చేయకూడదు. అది పార్కింగే గానీ క్యాంప్ కాదు. అక్కడే పాలో కూరగాయలో కొనుక్కుంటే మర్యాదగా ఉంటుంది.

హైవే రెస్ట్ ఏరియాల్లో రూలు రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో 24 గంటల దాకా ఆగొచ్చు, కాలిఫోర్నియాలో 8 గంటలు, ఫ్లోరిడాలో 3 గంటలే. హార్వెస్ట్ హోస్ట్స్ అని సభ్యత్వం ఉంది. ఏడాదికి ఫీజు కడితే పొలాల్లో, వైనరీల్లో ఒక రాత్రి ఆగనిస్తారు, బదులుగా వాళ్ల దగ్గర ఏదో ఒకటి కొనాలి. పిల్లలున్నవాళ్లకు బాగుంటుంది. అయితే వారానికి ఒక్కసారైనా వాడేవాళ్లే తీసుకోండి.

62 ఏళ్లు నిండిన అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్లు మీ బండిలో ఉంటే సీనియర్ పాస్ తప్పకుండా తీసుకోండి. జీవితకాలానికి 80 డాలర్లు, ఏడాదికైతే 20. నేషనల్ పార్కుల ప్రవేశమే కాదు, చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో బస సగం ధరకు వస్తుంది. ముఖ్యంగా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ల చెరువుగట్టు క్యాంపులు చూడండి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఈ పాస్ రాదు.

[స్క్రీన్ మీద: ఆర్వీ లోపల. రాత్రి. ఫర్నేస్ జాలీ, బ్యాటరీ మీటర్.]

బస చవకైతే సరిపోదు, ఆ రాత్రి గడవాలి. హుకప్ లేని చోట చలిరాత్రి ఎలా గడుస్తుందో వినండి. ఫర్నేస్ టిక్కుమంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది, వేడి గాలి వస్తుంది, ఆగుతుంది. పావుగంటకు మళ్లీ మొదలు. మండేది ప్రొపేనే అయినా ఆ ఫ్యాన్‌కు బ్యాటరీ కావాలి. ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. రాత్రి మొత్తంలో ఐదు గంటలు తిరిగిందంటే 40 ఆంప్‌అవర్ల దాకా పోయినట్టే. పాతరకం 100 ఆంప్‌అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో నిక్షేపంగా వాడుకోగలిగేది సగమే. అంటే లైట్లు, నీళ్ల పంపు కూడా కలుపుకుంటే తెల్లారేసరికి ఖాళీ. తెల్లవారుజామున మూడింటికి మీటర్ కీచుమని అరవడం, ఫర్నేస్ ఆగిపోవడం, అందరూ దుప్పట్లలో ముడుచుకోవడం మాకు ఇలాగే జరిగింది.

లిథియం బ్యాటరీ పెట్టుకుంటే వాడుకునేది పెరుగుతుంది. కానీ 32 డిగ్రీల ఫారెన్‌హీట్ (నీళ్లు గడ్డకట్టే చలి) కన్నా చల్లబడిన లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు, పాడవుతుంది. బండి బయటి అరలో కాకుండా లోపల పెట్టించుకోండి. సోలార్ మీద కూడా వేసవి లెక్కలు వేయకండి. డిసెంబర్ నెలాఖరులో క్వార్ట్‌సైట్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 33 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. పైకప్పు మీద బల్లపరుపుగా పడుకున్న ప్యానెల్‌కు, ఎండకు ఎదురుగా పెట్టినప్పుడు వచ్చే దాంట్లో సగం చిల్లరే అందుతుంది. ప్యానెల్‌ను దక్షిణానికి వాల్చి నిలబెట్టే బిగింపులకు పెట్టే డబ్బు ఇంకో ప్యానెల్ కొనడం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

బయటికి పొగగొట్టం లేని చిన్న ప్రొపేన్ హీటర్లు వాడేవాళ్లకు ఒక్క మాట. అవి మండేటప్పుడు గదిలో గాలిని వాడుకుంటాయి, నీటి ఆవిరిని వదులుతాయి. అద్దాల మీద, పరుపు కింద చెమ్మ పట్టేది అందుకే. కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, హీటర్ వెలిగించి ఉంచి నిద్రపోకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బయల్దేరే రోజే బటన్ నొక్కి చూడండి. ఇక్కడ మాత్రం డబ్బు ఆదా గురించి ఆలోచించవద్దు.

నీళ్లు. చలి 32కి దిగుతుందంటే గొట్టం తగిలించి వదిలేయకండి. సాయంత్రమే ట్యాంకు నింపుకుని, గొట్టం తీసి, నీళ్లు వంచేసి లోపల పెట్టి, పంపు మీద వాడుకోండి. స్నానం, గిన్నెల నీళ్లు చేరే గ్రే ట్యాంక్ వాల్వ్ మూసే ఉంచండి. తెరిచి ఉంచితే సన్నగా కారే నీళ్లు పైపులోనే గడ్డకడతాయి. ట్యాంకులు ఖాళీ చేసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకుని ముందు టాయిలెట్ బ్లాక్ ట్యాంక్, తర్వాత గ్రే. స్నానం, గిన్నెల నీళ్లు చివర్లో వచ్చి గొట్టాన్ని కడుగుతాయి. మా ఇద్దరికి రోజుకు ఏడు గ్యాలన్లు సరిపోతాయి. గిన్నెలు ముందు కాగితంతో తుడిచేసి తర్వాత కడగడం అలవాటు చేసుకున్నాకే ఆ లెక్కకు వచ్చాం.

[స్క్రీన్ మీద: చేతిరాత నోట్‌బుక్. మూడు నెలల క్యాలెండర్.]

మా క్యాలెండర్ ఇలా వేస్తాను. 90 రాత్రుల్లో 60 ఎడారిలో, సీజన్ పర్మిట్ మీద. పది దారిలో, పార్కింగుల్లో. మిగతా ఇరవై కరెంటు, నీళ్లు ఉన్న క్యాంప్‌గ్రౌండ్లలో. రాత్రికి 40 డాలర్లు అనుకుంటే 800. పర్మిట్‌తో కలిపి 980, అంటే సగటున రాత్రికి పదకొండు డాలర్లు. ఆ ఇరవై రాత్రుల్ని దుబారా అనుకోకండి. బట్టలు ఉతుక్కోవడం, తనివితీరా వేడినీళ్ల స్నానం, బ్యాటరీలు నిండా ఎక్కడం, చలి మరీ ముదిరినప్పుడు హాయిగా పడుకోవడం, అన్నీ అప్పుడే. వాటిని ముందే తేదీలతో ఇరికించను. వారం ముందు వాతావరణం చూసి వాడుకుంటాను. ఆగే చోట్లు చూపించే ఐఓవర్‌ల్యాండర్, క్యాంపెండియంలలో పాత రివ్యూలు కాదు, గత నెలలో రాసినవి చదవండి. పోయిన ఏడు తెరిచిన చోట ఈ ఏడు గేటు పడి ఉండొచ్చు.

తిరుగు ప్రయాణం గురించి కూడా ఇప్పుడే అనుకోండి. మార్చి నెలాఖరుకు ఎడారి వేడెక్కుతుంది, అందరికీ ఇల్లు గుర్తొస్తుంది. కానీ షికాగో, డెట్రాయిట్ వైపు ఏప్రిల్‌లో కూడా రాత్రిళ్లు నీళ్లు గడ్డకడతాయి. పర్మిట్ ఏప్రిల్ 15 దాకా ఉంది కాబట్టి తొందరపడకండి. తప్పనిసరిగా ముందే వెళ్లాల్సి వస్తే, చలి ప్రాంతంలోకి అడుగుపెట్టే ముందే ట్యాంకులు ఖాళీ చేసి, పైపుల్లోకి ఆర్వీలకు వాడే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించండి. కారు రేడియేటర్‌లో పోసేది కాదు, అది విషం. అక్కడినుంచి ఇంటిదాకా తాగడానికి సీసా నీళ్లు, బాత్రూమ్‌కు రెస్ట్ ఏరియాలు. మేం రెండు రాత్రులు అలాగే గడిపి వచ్చాం. ఇంటికి చేరాక చూస్తే ఒక్క పైపు కూడా పగల్లేదు.