ఫోన్-ఇన్: సి.డి. ప్లేయరా, గ్రామఫోన్ రికార్డా?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. సి.డి. ప్లేయర్లు, ఎల్.పి. రికార్డుల (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద గ్రామఫోన్ రికార్డుల) నాణ్యత గురించీ, వాటికి పెట్టే ఖర్చు గురించీ మీ సందేహాలు తీర్చడానికి, చాలా ఏళ్లుగా ఈ పరికరాలను బాగుచేస్తున్న నిపుణులు మనతో ఉన్నారు. వరంగల్ నుంచి మొదటి శ్రోత, చెప్పండి.

శ్రోత: నమస్కారమండి. రికార్డులో ఉన్న నిండుతనం సి.డి.లో ఉండదనీ, సి.డి. శబ్దాన్ని ముక్కలు చేస్తుంది కనుక మధ్యలో కొంత పోతుందనీ మా మిత్రులు అంటారు. నిజమేనా?

నిపుణులు: ఏమీ పోదండి. సి.డి.లో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. మన చెవికి అందేది మహా అయితే 20,000 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 20,000 కంపనాలు. దానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలిచారు కనుక, ఆ లోపల ఉన్న తరంగాన్ని ప్లేయరు పూర్తిగా తిరిగి కట్టగలదు. అతి మెల్లని ధ్వనికీ, అతి పెద్ద ధ్వనికీ మధ్య ఉండే అంతరం సి.డి.లో సుమారు 96 డెసిబెల్స్, మంచి ఎల్.పి.లో అది 70 దాటడం కష్టం. మీ మిత్రులకు తేడా వినిపించడం మాత్రం అబద్ధం కాదు. 1990ల నుంచి చాలా సి.డి.లను, గట్టిగా మోగాలన్న ఆశతో, హెచ్చుతగ్గులు నొక్కేసి తయారు చేశారు. ఆ నేరం సి.డి. మీద పడింది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. రాజమండ్రి నుంచి మరొక శ్రోత.

శ్రోత: నమస్కారం బాబూ. నేను బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. మా నాన్నగారు పోతూ పోతూ ఒక పెట్టెడు రికార్డులు వదిలి వెళ్లారు. బాలమురళీకృష్ణ గారివి ఉన్నాయి, నాదస్వరం ఉంది, హరికథలు ఉన్నాయి. పెట్టె అడుగున బరువైనవి, పెంకుల్లా ఉండేవి కూడా కొన్ని ఉన్నాయి. అవన్నీ అమ్మేసి సి.డి. ప్లేయరు కొనుక్కోమని మా అబ్బాయి పోరుతున్నాడు. సి.డి. కొనమంటారా, ఇంట్లో ఉన్న ఈ పాత రికార్డు ప్లేయరునే బాగుచేయించమంటారా? ఇంకొక సంగతి, కచేరీ మొదట్లో పాట బాగానే ఉంటుంది, మంగళం దగ్గరికి వచ్చేసరికి గొంతు జీరపోయినట్టు వినిపిస్తుంది. ముల్లు ఎగిరిపోకుండా నాన్నగారు దాని నెత్తిన పది పైసల బిళ్ళ అతికించేవారు, నేనూ అలాగే ఉంచాను.

నిపుణులు: అయ్యో మాస్టారూ, ముందు ఆ బిళ్ళ పీకేయండి! మామూలు ముల్లుకు ఒకటిన్నర, రెండు గ్రాముల బరువు చాలు. బిళ్ళ ఇంచుమించు అంత బరువును అదనంగా మోపుతుంది. అరిగిన ముల్లు, పైన బరువు, రెండూ కలిస్తే గాడిని చెక్కేస్తాయి; చెక్కిన గాడిని మళ్ళీ ఎవరూ పూడ్చలేరు. ఇక మంగళం సంగతి. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది, కానీ అంచున ముల్లు కింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి సాగితే, మధ్యకు చేరేసరికి అందులో సగం కూడా సాగదు. అదే పాట తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది కనుక అరిగిన ముల్లు అక్కడే తడబడుతుంది. మంగళం ఎప్పుడూ చివరనే కదా ఉండేది!

శ్రోత: అంటే గాయకుడి తప్పు కాదన్నమాట. అయితే సి.డి. కొనమంటారా, ఇదే బాగుచేయించమంటారా?

నిపుణులు: చెబుతున్నాను, వినండి. కొత్తగా మొదలుపెట్టేవారైతే రూపాయికి రూపాయి సి.డి.నే మేలు. రికార్డుకు ప్లేయరు ఒక్కటే చాలదు. ముల్లు ఇచ్చే విద్యుత్తు కొద్ది మిల్లీవోల్టులే, సి.డి. ప్లేయరు సుమారు రెండు వోల్టులు ఇస్తుంది. ఆ కొరత పూడ్చడానికి ఫోనో ప్రీ-యాంప్ అనే, ఆ విద్యుత్తును పెంచే పరికరం కావాలి, ఏటికో రెండేళ్లకో కొత్త ముల్లు కావాలి. కానీ మీ ఇంట్లో పెట్టెడు రికార్డులు ఉన్నాయి, వాటిలో కొన్ని సి.డి.గా దొరకనే దొరకవు. అందుచేత కొత్త ముల్లు, కొత్త బెల్టు వేయించండి. బెల్టు సాగితే శ్రుతి దిగిపోతుంది, నాదస్వరంలో వెంటనే తెలుస్తుంది. ఆ పెంకుల్లాంటివి లక్కతో చేసిన 78లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు. వాటి గాడి చాలా వెడల్పు, ఎల్.పి. ముల్లు వాటికి పనికిరాదు. వాటిని అస్సలు తిప్పకండి.

శ్రోత: బిళ్ళ తీస్తే ముల్లు ఎగురుతుందేమో బాబూ.

నిపుణులు: ఎగిరితే ముల్లు మార్చాలి మాస్టారూ, బిళ్ళ పెట్టకూడదు.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాస్టారూ. హైదరాబాద్ నుంచి, క్లుప్తంగా చెప్పండి.

శ్రోత: జుమ్మెరాత్ బజార్‌లో పాత సి.డి. ప్లేయరు కొన్నానండి, డిస్క్‌ను చదవడం లేదు.

నిపుణులు: లెన్స్ మీద దుమ్ము ఉండవచ్చు, మెత్తని పొడిబట్టతో తేలికగా తుడవండి. లెన్స్ పోయి ఉంటే, ఆ రకం లెన్స్ ఇంకా దొరుకుతుందో లేదో కనుక్కోకుండా మరమ్మతుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి చివరి కాల్.

శ్రోత: సి.డి. గీతలకు టూత్‌పేస్టు రుద్దవచ్చా అండి? బొమ్మ ఉన్న వైపు కూడా...

నిపుణులు: బొమ్మ వైపు రుద్దకండి. అద్దంలా మెరిసే పొర బొమ్మకు వెంటనే కింద ఉంటుంది, అక్కడ గీత పడితే ఆ డిస్క్ పోయినట్టే. రెండో వైపు గీతలు కొంతవరకు పరవాలేదు. తుడిచేటప్పుడు గుండ్రంగా కాకుండా మధ్య నుంచి అంచుకు...

వ్యాఖ్యాత: సమయం ముగిసింది. ధన్యవాదాలు, నమస్కారం.